ఆ దారినే పులీ నడుస్తుంది

"శివరాత్రికి ఈ అడవిదారి మూసెయ్యాలి మామా."

నాగలూటి వీరభద్రస్వామి గుడి ముందు, ఇంకా చీకటి విడవని వేళ, చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంటున్న మేనమామ చేయి ఆ మాటకు ఆగిపోయింది. ఆయన మేనకోడలి వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. సంచి మూతి ముడేసి, భుజానికెత్తుకుని, "నడుస్తా మాట్లాడుకుందాం పద" అన్నాడు.

ఆయన ఆత్మకూరులో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై రెండో ఏట మొదలుపెట్టిన ఈ కాలినడకను మధ్యలో మానలేదు. ఆమె ఆయన చెల్లెలి కూతురు. వన్యప్రాణుల మీద పరిశోధన చేస్తోంది. చెట్ల బోదెలకు కెమెరాలు బిగించి, ఏ జంతువు ఏ వేళ ఎటు పోయిందో చూసి రాసుకోవడం ఆమె పని. ఇన్నేళ్లూ ఆమె ఈ అడవిని జీపులోంచి చూసింది. తన మామ నడిచే దారిని తాను నడవకుండా దాని గురించి తీర్పు చెప్పడం సరికాదనిపించి, ఈసారి శివరాత్రికి రెండు రోజుల ముందు ఆయన వెంట బయల్దేరింది.

ఆత్మకూరు పక్కనున్న వెంకటాపురం నుంచి శ్రీశైలం దాకా నల్లమల గుండా ఈ దారి 40 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ముందురోజు సాయంత్రానికి నాగలూటి చేరి, గుడి అరుగు మీద పడుకున్నారు. మిగిలినదంతా ఈ ఒక్కరోజు నడక: పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం, హఠకేశ్వరం, ఆ తర్వాత మల్లన్న.

నాగలూటి దాటగానే రాతిమెట్లు మొదలవుతాయి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతాయి. ఈ మెట్లు ఆయన వేయించినవేనని ఇటు జనం నమ్మకం. చాలాచోట్ల రాళ్లు కదిలిపోయాయి, కొన్నిచోట్ల చెట్ల వేళ్లు మెట్టును పైకి లేపేశాయి. నడిమధ్యన పాదం ఆనేచోట మాత్రం రాయి నునుపుదేలి ఉంది. ముందూ వెనకా టార్చిలైట్లు. ఎవరో "హరహర మహాదేవ" అంటే కొండ మొత్తం మీద అదే మాట పలుకుతోంది.

"ఇప్పుడు చెప్పమ్మా. ఎందుకు మూసెయ్యాల?" అన్నాడు మామ.

"ఇది పులుల అభయారణ్యం మామా. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వు దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. మామూలు రోజుల్లో ఈ లోపలికి నేను రావాలన్నా కాగితం కావాలి. దోర్నాల ఘాట్ రోడ్డునే రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఆరు దాకా మూసేస్తారు, జంతువులు తిరిగే వేళని. అటువంటి అడవి నడుమ నుంచి, రాత్రనక పగలనక, ఇన్ని వేలమంది పోతున్నారు. రోడ్డుంది. బస్సులున్నాయి. ఇంకా ఈ దారి ఎందుకు?"

"రోడ్డు ఎప్పుడొచ్చింది? నిన్న కాక మొన్న. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒకటి ఉంది, నువ్వు చదివి ఉండవు. శివరాత్రికి శ్రీశైలం పోయే జనం ఎట్లా నడిచేదీ, ఏం పాడుకునేదీ, దారిపొడుగునా ఏం ఆడేదీ అందులో రాసినాడు. 13వ శతాబ్దం మాట. అప్పటికే పాతబడిన దారి ఇది. అక్కమహాదేవి ఎక్కడి కల్యాణం, ఎక్కడి శ్రీశైలం? 12వ శతాబ్దంలో ఆడకూతురు ఒంటరిగా నడిచొచ్చింది. రిజర్వు వయసు నా పంతులుద్యోగం అంత. దారి వయసు తెలుగు పుస్తకాల కంటే ఎక్కువ. ఎవరు ఎవరికి జాగా ఇవ్వాల?"

ఆమె వెంటనే జవాబివ్వలేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, ఊపిరి అందడంలేదు. పైకెక్కి నిలబడ్డాక, తూర్పున వెలుగు రేఖలు పడుతుంటే, చెప్పింది.

"వయసు లెక్కకొస్తే పులి మనకన్నా ముందు నుంచీ ఉంది మామా."

ఆ మాటతో ఇద్దరూ చాలాదూరం మాట్లాడుకోలేదు.

ఆ మౌనంలోనే తెల్లవారింది. మాఘమాసం చివర నల్లమల ఆకు రాలుస్తుంది. నల్లమద్ది, చిరుమాను, ఏగిస సగం మోడులై నిలబడి ఉన్నాయి. వెదురు పొదలు పసుపుతేలి, గాలికి కీచుమంటున్నాయి. ఆకులేని మోదుగ కొమ్మల నిండా ఎర్రటి పూలు. కాలికింద ఎండుటాకు చీలమండ లోతున ఉంది. వందల పాదాల కింద అది నలిగే చప్పుడు వాగు పారుతున్నట్టు వినిపించింది. మేనకోడలు ఒకచోట వంగి గుప్పెడు ఆకు తీసుకుని నలిపింది. పొడిపొడిగా రాలిపోయింది.

"నా భయం పులి ఎవరినో పట్టుకుంటుందని కాదు. పగలు ఇంత అలికిడి ఉంటే అది ఈ చుట్టుపక్కలకే రాదు. నా భయం దీన్ని చూసి. ఈ నెల నుంచి మే దాకా ఇక్కడ నిప్పుల కాలం. ఒకడు బీడీ కాల్చి పారేస్తే చాలు. మూడు రాళ్లు పెట్టి వంట చేసుకుని, నీళ్లు చల్లకుండా పోతే చాలు. నిప్పు నేలబారున పోయి మొలకలన్నీ కాల్చేస్తుంది. పెద్దచెట్లు ఉంటాయి, అడవి పచ్చగా ఉందనే అనుకుంటాం. వాటి కింద తర్వాతి తరం చెట్టు ఒక్కటి ఉండదు."

మామ తల ఊపాడు. ఈ సంగతి ఆయనకు కొత్త కాదు. నిప్పు అంటుకున్న కొండను ఆత్మకూరు మిద్దెల మీద నుంచి ఎన్నో ఎండాకాలాలు చూశాడు. కానీ ఆయన దగ్గర ఇంకో లెక్క ఉంది, అది ఒంట్లో పాతుకుపోయిన లెక్క.

"మీ అమ్మమ్మ పుట్టిన ఊరు యాడుందో తెలుసా నీకు?"

"నీళ్లలో."

"నీళ్లలో. శ్రీశైలం ప్రాజెక్టు కింద. 80లలో నీళ్లు నిండినాయి. ఊళ్లు పోయినాయి, గుళ్లు పోయినాయి, అడవి పోయింది. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లు దిగితేనే బయటికొస్తాది. మా యమ్మ ఏటా పోయి, గుడిని చూసినట్టు కాదు, ఊరిని చూసినట్టు చూసొచ్చేది. ఆ నీళ్ల కింద మునిగిన అడవెంత, మా కాళ్ల కింద నలిగిన అడవెంత? అడవిని కాపాడాలని ఎవరొచ్చినా ముందు నడిచేవాణ్ణే ఆపుతారు. వాడి చేతిలో ఏమీ లేదు కాబట్టి."

దీనికి ఎదురు చెప్పడం సులువు కాదు. మన దేశంలో అడవి చట్టాల చరిత్ర ఎరిగిన ఎవరికైనా ఆ చివరి వాక్యం గుచ్చుకుంటుంది. ఆమెకూ గుచ్చుకుంది. "నువ్వన్నది నిజమే" అని ఒప్పుకుంది. "కానీ అప్పుడు పోయింది కాబట్టి, మిగిలింది ఇంకా విలువైంది కదా మామా. ఉన్నదాంట్లోంచే ఇప్పుడు మనం వాడుకునేది."

పెచ్చెరువు చేరేసరికి ఎండ ఎక్కింది. అడవి నడుమ చెరువు, దాని దగ్గర చెంచుగూడెం. ఈ దారిలో నడిచేవాళ్లందరికీ ఇది పెద్ద మజిలీ. దాతలు వేసిన పందిళ్లలో అన్నదానం జరుగుతోంది. ఉప్మా, పులిహోర, మజ్జిగ. "తినిపోండి సామీ" అని చేయిపట్టుకు లాగుతున్నారు వడ్డించేవాళ్లు. పేరు అడగరు, కులం అడగరు, ఊరు అడగరు. మామ విస్తరి ముందు కూర్చుని రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నాడు.

పందిరి వెనక్కి పోయిన మేనకోడలు చాలాసేపు రాలేదు. ఆయనే లేచి వెతుక్కుంటూ పోయాడు. అక్కడ ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. వాటి పక్కన నీళ్ల పాకెట్ల తొడుగులు, ప్లాస్టిక్ గ్లాసులు, అన్నం మెతుకులంటిన కాగితం ప్లేట్లు ఒక మడిచెక్కంత మేర పరుచుకుని ఉన్నాయి. గాలికి కొన్ని చెరువు ఒడ్డుదాకా పోయాయి. అడవిలోకి ప్లాస్టిక్ తేకూడదని దారి మొదట్లోనే అటవీశాఖ బోర్డు ఉంది. ఆమె ఆ చెత్తను చూస్తూ, అటవీశాఖ బేస్ క్యాంపులో కాపలా పని చేసే ఒక చెంచు పెద్దమనిషితో మాట్లాడుతోంది.

ఆయన గొంతులో కోపం లేదు. జరిగేది చెప్పాడు. పండగయ్యాక నాలుగైదు రోజులు ఎలుగుబంట్లు ఈ మెతుకుల కోసం వస్తాయట. పందులు వస్తాయి. కవర్లతో సహా మింగేస్తాయి. ఎలుగు ఒకసారి ఈ రుచి మరిగితే గూడెం ఇళ్ల దగ్గరికి వస్తుంది, పొద్దున్నే నీళ్లకు పోయే ఆడవాళ్లకు ఎదురుపడుతుంది.

"అయితే యాత్ర ఆపేస్తే మంచిదంటావా అన్నా?" అని అడిగింది ఆమె.

ఆ మనిషి అర్థంకానట్టు చూశాడు. "ఎందుకాపాల? మల్లయ్య మా అల్లుడు. అల్లుడింటికి చుట్టాలు వస్తారు గదా. మా తాతల కాలాన వచ్చినోళ్లు సద్ది మూట కట్టుకుని వచ్చేవాళ్లు. ఆకులో తినేవాళ్లు. మేమే దారి చూపించేవాళ్లం."

చెంచులకు మల్లన్న అల్లుడు, చెంచు మల్లయ్య. కర్ణాటక నుంచి ఉగాదికి వచ్చేవాళ్లకు కూడా ఆయన అల్లుడే. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. ఇంటి ఆడబిడ్డకు తెచ్చినట్టే చీర, పసుపు, కుంకుమ తెస్తారు. బాగల్‌కోట, విజయపుర, గదగ్ వైపు నుంచి వందల కిలోమీటర్లు నడుస్తారు, కొందరైతే కర్రకాళ్ల మీద నిలబడి నడుస్తారు. చెంచులు యాత్రికుల దగ్గర రుసుము తీసుకుని దారి కాచేవారని ఇంగ్లీషువాళ్ల కాలం రాతలు చెబుతాయి. అంటే ఈ దారికి ఎప్పుడూ ఒక కాపలా ఉంది, ఒక కట్టుబాటు ఉంది. ట్రాక్టర్లు వచ్చాక పోయింది ఆ కట్టుబాటే. నడిచేవాడు తాను మోయగలిగినంతే తెచ్చుకుంటాడు. చక్రాల మీద వచ్చేదానికి ఆ హద్దు లేదు. మామామేనకోడళ్ల వాదంలో అసలు ముడి ఇక్కడుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పెచ్చెరువు దాకా ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

అక్కణ్నుంచి మఠంబావి వైపు నడుస్తుంటే, ఈసారి మొదలుపెట్టింది మామ.

"అన్నం పెట్టేవాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదమ్మా. వాడు అప్పుచేసైనా పెడతాడు."

"అన్నం పెట్టొద్దనలేదు. అన్నం వెనక వచ్చే చెత్త తిరిగి ట్రాక్టరెక్కాలి అంటున్నా. శబరిమల చూడు. అదీ పెరియార్ పులుల రిజర్వులోనే ఉంది. మనవాళ్లు లక్షల్లో పోతారు మాలేసుకుని. 2011లో అక్కడ పోలీసులే 'పుణ్యం పూంకావనం' అని మొదలుపెట్టారు. అయ్యప్ప తోటను శుభ్రంగా ఉంచడం కూడా దీక్షలో భాగమేనని చెప్పి, స్వాములతోనే చెత్త తీయించారు. ఎరుమేలి నుంచి అళుద, కరిమల మీదుగా పంబకు పోయే అడవిదారిలో దుకాణాలు నడిపేది అక్కడి స్థానికుల సమితులు. వాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి, అడవి మీద కన్నూ ఉంటుంది. పైగా ఆ దారి ఏడాదంతా తెరిచి ఉండదు. యాత్ర రోజుల్లోనే."

"చూసినావా, ఆ అడవిదారిని వాళ్లు మూసెయ్యలేదు."

ఆమె ఆగింది. పొద్దున తాను అన్నమాట గుర్తొచ్చింది. "మూసెయ్యలేదు" అంది నెమ్మదిగా. "కానీ మనిషి మనిషికీ లెక్క ఉంటుంది, వేళ ఉంటుంది. చీకటి పడ్డాక అడవిలోకి వదలరు. నువ్వు దానికి ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. ఎండకు తాళలేని ముసలోళ్లు రాత్రి చల్లపూటే నడుస్తారు. వాళ్లను పగలు నడవమంటే దారిలోనే పోతారు."

"రాత్రి నడిచే మనుషులు మైకులు పెడుతున్నారు మామా. టార్చీలు, డప్పులు. రాత్రి ఆ చెరువుకు నీళ్లకు రావాల్సిన దుప్పి రాదు. ఇప్పుడు వాగులన్నీ ఎండిపోయి ఉన్నాయి. వారం రోజులు నీటి దగ్గరికి రాలేకపోతే అది ఎక్కడికి పోవాలి?"

మామ దగ్గర దీనికి సిద్ధంగా జవాబు లేదు. ఆయన గెలవడానికి మాట్లాడే మనిషి కాదు. "మైకు తప్పే" అన్నాడు. కాస్త నడిచాక, "డప్పూ తప్పేనేమో" అన్నాడు. డప్పు ఆయనకు ఇష్టం. ఆ మాట అనడం ఎంత కష్టమైందో ఆమెకు తెలిసింది.

మఠంబావి దాటాక జనం పలచబడ్డారు. నడిచేవాళ్లు ఎవరి ఒళ్లు వాళ్లు మోసుకుంటూ సాగే వేళ అది. దూరం నడిచిన ఎవరికైనా ఈ వేళ తెలుసు. మడమలు బొబ్బలెక్కి పగిలి, తొడలు బిగుసుకుపోయి, ఆలోచన అన్నది పోయి, అడుగు తర్వాత అడుగు మాత్రమే మిగులుతుంది. ఆ అలసటలో మనిషి మెత్తబడతాడు. ముందుపోయే ముక్కూమొహం తెలియని అవ్వ చేతిలో కర్ర జారితే, వెనకవాడు తన తల్లిదైనట్టు వంగి తీసిస్తాడు. బస్సులో వెళ్లేవాడికి శ్రీశైలం ఒక ఊరు. నడిచేవాడికి అది రెండు రోజుల పొడవున్న గుడి. మామ నలభై ఏళ్లకు పైగా చెప్పాలనుకున్నదీ ఇదే. మాటల్లో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాడు. ఇప్పుడు మేనకోడలి కాళ్లకు అది తెలిసింది. ఆమె కూడా చెప్పులు విప్పి చేత పట్టుకుని నడుస్తోంది.

ఆ నడకలోనే ఆమె ఫోనులో ఉన్న ఒక బొమ్మ ఆయనకు చూపించింది. తన పరిశోధన కెమెరా తీసింది. రాత్రి రెండున్నరకు, రాతిమెట్ల మీద నుంచి, తల కాస్త వంచి, దిగి వస్తున్న పులి.

"ఇది మన దారేనా?"

"మన దారే. పులికి ముళ్లపొదల్లో దూరి నడవడం ఇష్టముండదు మామా. పాదం చప్పుడు కాకుండా, ఒళ్లు గీరుకోకుండా పోవడానికి తెరిపి దారి కావాలి దానికి. బండ్లబాట, కాలిబాట, ఏది దొరికితే దాన్నే పట్టుకుని రాత్రంతా మైళ్ల కొద్దీ నడుస్తుంది. దారిపక్క చెట్లకు గోళ్లతో గుర్తులు పెడుతుంది, ఇది నా ఎల్ల అని. మీరు నడవబట్టి ఈ దారి పూడిపోకుండా ఉంది. మీరు లేని రోజుల్లో అది నడుస్తోంది."

మామ ఫోను తిరిగివ్వలేదు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన పులిని చూడలేదు. ఒకటి రెండుసార్లు ఇసకలో అడుగుజాడ చూశాడంతే. వేమారెడ్డి మెట్టు మీద, తన పాదం ఆనే నునుపైన చోటనే, దాని ముందుకాలు ఆని ఉంది.

భీమునికొలను దగ్గర కొండ ఒక్కసారిగా లోయలోకి విరిగిపడుతుంది. నిలువునా దిగాలి, అడుగున కొలను దాటాలి, మళ్లీ నిలువునా ఎక్కాలి. రోజంతా నడిచిన మోకాళ్లు అక్కడ మొరాయిస్తాయి. దిగేటప్పుడు చేతులు పట్టుకుని ఒకరినొకరు ఆపుకుంటారు. ఎక్కేటప్పుడు పైనున్నవాళ్లు కిందివాళ్లను చేయిచ్చి లాగుతారు. "చేదుకో మల్లన్నా!" అన్న కేక అక్కడ పుట్టిందేమో అనిపిస్తుంది. బావిలో బొక్కెన వేసి తాడు లాగినట్టు, ఈ లోయ అడుగు నుంచి నన్ను పైకి చేదుకోమని అడగడం. పట్నంలో ఆ కేక విన్నవాళ్లకు అందులో తాడు కనబడదు. లోయ అడుగున నిలబడి తలెత్తితే కనబడుతుంది.

సగం ఎక్కాక మెట్టు మీద కూలబడి మామ అన్నాడు: "నువ్వు మూసెయ్యాల అన్నావు పొద్దున. ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే. ఇంతమంది ఇట్లాగే పెరుగుతూ పోతే నిలవదు. కానీ మూసెయ్యమనను."

"నేనూ ఎవరూ ఆపకూడదన్నా. ట్రాక్టరును ఆపొచ్చు. లోపలికి చక్రం రాకూడదు. అన్నదానం వెంకటాపురం కాడ పెట్టుకోవచ్చు, ఇటు కైలాసద్వారం అవతల పెట్టుకోవచ్చు. నడిమధ్యన సద్ది మూటే. నీళ్లు మాత్రం గూడెమోళ్లు ఇవ్వాల, వాళ్లకు కూలి కట్టివ్వాల."

"రాత్రి నడక?"

"అది మాత్రం వదలను."

"నేనూ వదలను మామా. చీకట్లో ఆ చెరువు దగ్గర మనిషి ఉండకూడదు."

"అయితే ముసలోళ్లు?"

"మధ్యాహ్నం ఎండలో మజిలీ, సాయంత్రం నడక, చీకటి పడ్డాక మజిలీ. రెండు రోజుల దారిని మూడు రోజులు చేసుకోవాలి."

"మూడు రోజులు లీవు ఎవరిస్తారు ఇప్పటి పిల్లోళ్లకు?" అన్నాడు ఆయన. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అక్కడితో ఆ మాట తెగలేదు, మిగిలిపోయింది.

కైలాసద్వారం ఎక్కేసరికి పొద్దు వాలింది. అక్కణ్నుంచి హఠకేశ్వరం దాకా దారి చదును. ముందు బస్సు హారన్లు వినపడ్డాయి, ఆ తర్వాత దీపాలు కనపడ్డాయి. అడవి అక్కడ అయిపోయి తార్రోడ్డు మొదలవుతుంది. మర్నాడే శివరాత్రి. లింగోద్భవ వేళ గుడి విమానశిఖరం నుంచి నందుల చుట్టూ పాగా చుడతారు. చీరాల చేనేత కుటుంబం ఏడాదంతా రోజుకు మూరెడు చొప్పున నేసిన బట్ట అది. అది చూసి, మల్లన్నను దర్శించుకుని, దిగేటప్పుడు బస్సులోనే దిగుతారు ఇద్దరూ.

తార్రోడ్డు ఎక్కేముందు మామ వెనక్కి తిరిగి, చీకటి పడుతున్న దారివైపు చూస్తూ నిలబడ్డాడు.

"పండగ అయిపోయి జనమంతా దిగిపోయినాక, ఎన్నాళ్లకు తిరిగొస్తాది అది ఈ దారికి?"

"తెలుసుకోవాలనే కెమెరాలు తీయకుండా వదిలా. వచ్చే నెల పెచ్చెరువు వైపు పోయి కార్డులు మార్చాలి."

"ఏ తేదీ?"

ఆమె చెప్పింది. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి, రోడ్డు మీది దీపం వెలుగులోకి జరిగి, రాసుకున్నాడు.